నిండు కుండ తొణికింది

మా బావవి నేల చూపులు. తిట్టాననుకునేరు, కాదు. ఎవరింటికి వెళ్ళినా మనుషుల ముఖాల కంటే ముందు గచ్చు చూస్తాడు. ఆయన టైల్స్ మేస్త్రీ. చూసి ఊరుకుంటాడా, ఊరుకోడు. మోకాళ్ళ మీద కూర్చుని, వేలి కణుపుతో పలకల మీద టకటకా కొట్టుకుంటూ పోతాడు. పలక కింద సిమెంటు బాగా పట్టి ఉంటే 'టక్' అని పొట్టిగా, నిండుగా పలుకుతుంది. కింద ఖాళీ ఉంటే 'టొంక్' అని బోలుగా మోగుతుంది. నిండు మంచిది, బోలు చెడ్డది. ఆయన లోకజ్ఞానమంతా ఈ రెండు ముక్కలే. సైట్లో అందరూ టకటక మేస్త్రీ అంటారు. నేను ప్లంబర్ని, పైగా ఆయన భార్యకు తమ్ముణ్ణి, కాబట్టి ఇంకా చాలా అంటాను.

అసలు ఆయన మాకు బావ అయిందే ఆ టకటక వల్ల. పదిహేడేళ్ళ కిందట మా ఇంటి గుమ్మం ముందు పలక ఒకటి విరిగితే మా నాన్న ఆయన్ని పిలిచాడు. ఆయన గుమ్మం దగ్గర ఆగకుండా ముందుగది అంతా కొట్టి చూసి, "ఇక్కడ తొమ్మిది పలకలు బోలు సార్, ఎక్కువ రోజులు ఉండవు" అన్నాడు. పని పెంచుకునే ఎత్తు అనుకుని నాన్న పంపించేశాడు. మూడు వారాలకు, మిట్టమధ్యాహ్నం, ఆ తొమ్మిదింట్లో ఒకటి ఫాట్‌మని లేచింది. నాన్న చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వెళ్ళి ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఒక్కరోజు పని. పదకొండు రోజులు చేశాడు. నాన్నకు సంగతి పదకొండో రోజున అర్థమైంది. నాకు రెండో రోజే అర్థమైంది, ఎందుకంటే పలకకు ఒకటిన్నర చెంబు మంచినీళ్ళు ఏ మేస్త్రీ తాగడు, చెంబు అందించేది మా అక్క అయితే తప్ప.

ఆయన కిటుకు ఒకటి అప్పుడే చూశాను. బోలు పలక కనబడగానే పగలగొట్టడు. మూలన సన్నటి బెజ్జం వేసి, సిరంజితో పల్చటి సిమెంటు పాలు ఎక్కిస్తాడు. ఎక్కించి, ఆగి, మళ్ళీ కొడతాడు. నిండు శబ్దం ఎంతవరకు వచ్చిందో పెన్సిల్‌తో గీత గీస్తాడు. ఇంకాస్త ఎక్కిస్తాడు, ఇంకో గీత. నాలుగైదు గీతలు పడేసరికి పలకంతా నిండుగా పలుకుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. మా కొంప ముంచబోయింది ఇదే.

పోయిన ఏడాది ఆయనకు నీరసం మొదలైంది. మోకాళ్ళ మీద నల్లమచ్చలు టైల్స్ పనివాళ్ళకు మామూలే కాబట్టి ఎవరమూ పట్టించుకోలేదు. ఆ మచ్చలు భుజాల మీదికీ వచ్చాయి. పళ్ళు తోముకుంటే నురగ ఎర్రగా వచ్చింది, ఆయన బ్రష్షును తిట్టి కొత్తది కొన్నాడు. చివరికి ఒకరోజు ఆయన వేసిన వరస వంకర పోయింది. టైల్స్ వాళ్ళను వెక్కిరించే అవకాశం దొరికితే ప్లంబర్ వదులుతాడా? మేము వేసిన పైపుల్ని కప్పేసేది వాళ్ళు, లీకైతే తిట్లు తినేది మేము. అయినా ఆ వంకర వరస చూశాక వెక్కిరించబుద్ధి కాలేదు. ఆయన చేతిలో వరస తప్పడం నేనెన్నడూ చూడలేదు. మర్నాడే రెక్క పట్టుకుని రక్తపరీక్షకు లాక్కెళ్ళాను.

రక్త క్యాన్సర్ అన్నారు. అక్యూట్ లుకేమియా. నిదానంగా నడిచే రకం కాదు, పరిగెత్తే రకం. మంగళవారం ఆసుపత్రిలో చేర్చుకుని ఎక్స్‌రే తీశారు, ఛాతీలో అప్పటికి ఏమీ కనబడలేదు. నడుము దగ్గరి ఎముక నుంచి మూలుగ తీసి పరీక్షకు పంపారు. ఆ రిపోర్టు చూసి సోమవారం అసలు మందు మొదలుపెడతామన్నారు. అప్పటిదాకా సెలైను, మాత్రలు. పక్క మంచం ఆయన ఊరుకోకుండా, "జ్వరమో ఆయాసమో ఉందంటే మందు వాయిదా వేస్తారు, మాది రెండుసార్లు వేశారు" అని చెప్పాడు. ఆ మాట మా బావ చెవిన పడింది. ఆ చెవిన పడిందేదీ వృథాగా పోదు.

శనివారం పొద్దున పదింటికి ఉతికిన బట్టలు తీసుకుని వార్డుకు వెళ్ళాను. అక్కాబావా మంచం మీద వీపుకు వీపు ఆనించి కూర్చుని ఉన్నారు. అక్క కిటికీ వైపు, బావ తలుపు వైపు. అలిగారేమో అనుకున్నాను.

"ఏంటక్కా ఈ కూర్చోవడం?"

"గురువారం నుంచీ ఇంతేరా. పడుకుంటే ఎగశ్వాస. దిండ్లు చాలక నన్ను దిండు చేశాడు. డాక్టర్‌కి చెప్తానంటే ఒట్టు వేయించుకున్నాడు, సోమవారం మందు ఆగిపోతుందట."

నాకు మండింది. "ఒట్టేంటి, గట్టేంటి? బుద్ధుండక్కర్లేదా మీ ఇద్దరికీ?"

"అరవకురా," అన్నాడు బావ. నాలుగు మాటలకోసారి ఆగి గాలి పీలుస్తున్నాడు, కళ్ళు మాత్రం మెరిసిపోతున్నాయి. "ఇలా రా గొట్టాలోడా... నీకో విశేషం... చూపిస్తాను."

చొక్కా పైకెత్తాడు. కుడివైపు పక్కటెముకల మీద నాలుగు పెన్సిల్ గీతలు. ఒకదాని మీద ఒకటి, మధ్య రెండేసి వేళ్ళ ఎడం. పక్కన ఆయన కోడి గీతల్లో బుధ, గురు, శుక్ర, శని అని రాసి ఉంది.

"విను." కణుపుతో కొట్టాడు. టక్, టక్. "మంగళవారం ఇదంతా... టొంక్ టొంక్‌మంది. భయమేసిందిరా... రోగం లోపలంతా తినేసి... డొల్ల చేసిందనుకున్నా. సెలైను పెట్టారా... బుధవారానికి ఇంత నిండింది. గురువారం ఇంత. ఇవాళ... ఇదిగో! మందు పట్టిందిరా! సోమవారానికి... చంక దాకా నిండుతుంది!"

బెజ్జం వేశారు, పాలు ఎక్కిస్తున్నారు, పలక నిండుతోంది. ఆయన లెక్క అది. సెలైను సూది ఉన్న చేతిని ఎంత గర్వంగా చూపించాడో! అక్క నవ్వింది కూడా.

"ఇంకోటి చూడు. గుండె ఉన్నచోటు... మొదట్నుంచీ నిండే. అది నాలుగు వేళ్ళ వెడల్పు ఉండేది... ఇప్పుడు ఆరు. గుండె బలిసిందిరా!" నిజంగానే ఎడమ రొమ్ము చుట్టూ ఒకదాని బయట ఒకటి రెండు చుట్లు గీసి ఉన్నాయి.

నేను కుడివైపు గీతల్నే చూస్తున్నాను. అవి ఎక్కడో చూసిన గీతలు. సిమెంటు పాలకు గీసిన గీతలు అలా ఉండవు. పాలు ఎటు దారి దొరికితే అటు పాకుతాయి, గీత వంకరటింకరగా పోతుంది. ఇవి మట్టం పెట్టి గీసినట్టు నేలకు సమంగా ఉన్నాయి. ట్యాంకు లోపలి గోడ మీద ఉంటాయి ఇలాంటి చారలు. రోజుకింత చొప్పున సమంగా పైకొచ్చేది నాకు తెలిసి ఒక్కటే, దానితోనే నా బతుకంతా గడిచింది.

"బావా, లోపల నిండింది ఏంటనుకుంటున్నావ్?"

"ఏదైతేనేం... నిండుగా ఉంది కదా. నిండు కుండ తొణకదురా!"

"తొణకదా? ఏదీ, ఎడమకి వంగు."

"ఎందుకు?"

"వంగవయ్యా అంటే!"

అక్క పట్టుకుంది, ఆయన ఎడమ పక్కకు ఒరిగాడు. నేను శనివారం గీత కింద వేలితో కొట్టాను. ఇందాక 'టక్' అన్నచోట 'టొంక్' అంది. లేపి కూర్చోబెట్టి కొట్టాను. టక్. మళ్ళీ వంచాను. టొంక్! నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. దేవుడి సంగతి నాకు తెలియదు, నీటి సంగతి మాత్రం నాకు తెలుసు.

బావ ముఖం వైపు చూశాను. నా కంటే ముందే ఆయన చెవి పట్టేసింది. పెదవులు తడుపుకుని, "పలక కింద నీళ్ళు చేరినా... నిండుగానే పలుకుతుంది కదరా," అన్నాడు.

ఇంక నేను అక్కడ లేను. "డాక్టరమ్మా! నీళ్ళు! మా బావ ఛాతీలో నీళ్ళు!" అని అరుచుకుంటూ వరండా అంతా పరిగెత్తాను. నేల తుడిచే ఆవిడ కర్రా బకెట్టూ పట్టుకుని, "ఎక్కడయ్యా లీకు?" అంటూ నా వెనకే పరిగెత్తింది. ఆవిడకు జవాబు చెప్పే తీరిక ఎక్కడిది!

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మది చిన్న వయసు, పెన్ను మూత కొరికే అలవాటు. నా అరుపులకు విసుక్కుంటూనే వచ్చింది. ఆ గీతలు చూడగానే మూత నోట్లోంచి తీసేసింది. ఎడమచెయ్యి బావ వీపుకు ఆనించి, మధ్యవేలి మీద కుడిచేతి వేలితో కొడుతూ పైనుంచి కిందికి దిగింది. టొంక్, టొంక్, టొంక్, టక్. సరిగ్గా శనివారం గీతకు ఎదురుగా శబ్దం మారింది.

బావకు అంత ఆయాసంలోనూ ఆశ్చర్యం ఆగలేదు. "మీరూ... మా పనే చేస్తారా?"

"మాదీ అదే పని మేస్త్రీ గారూ. కాకపోతే మాకు బోలు మంచిది, నిండు చెడ్డది. ఊపిరితిత్తిలో ఉండాల్సింది గాలి." గొంతు కఠినంగా మారింది. "పొద్దున రౌండ్‌లో ఆయాసం ఉందా అని అడిగాను. లేదన్నారు."

బావ చొక్కా కిందికి లాక్కున్నాడు. ఆమె దాన్ని మళ్ళీ ఎత్తి స్టెతస్కోపు ఆయన గుండె మీద పెట్టింది. కాస్త జరిపింది, ఇంకా జరిపింది. మెడ మీద ఉబ్బిన నరాల వైపు చూసింది. బీపీ చూసి, ఫోన్ తీసి, "ఎకో మిషన్ ఇక్కడికే పంపించండి, ఇప్పుడే" అంది. ఆ 'ఇప్పుడే' విని అక్క మంచం దిగింది.

చక్రాల మీద మిషన్ వచ్చింది, వెనకాలే గుండె డాక్టరు వచ్చాడు. బట్టతల ఆయన, మాట తక్కువ. తెర మీద గుండె కనబడింది. దాని చుట్టూ నల్లటి పట్టీ. బావ గీసిన రెండో చుట్టు ఎక్కడుందో, పట్టీ అంచు అక్కడే ఉంది. గుండె బలియలేదు, నీళ్ళలో మునిగింది.

డాక్టరమ్మ గబగబా చెప్పింది. ఊపిరితిత్తికీ, గుండెకీ, దేనికది రెండు పల్చటి పొరలుంటాయట. పొరల మధ్య కాస్త చెమ్మ మాత్రం ఉండాలి, రాసుకోకుండా జారడానికి. ఈ జబ్బులో చెడ్డ కణాలు ఆ పొరల్లోకి చేరితే నీరు ఊరుతుంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు నిండితే అది విచ్చుకోలేదు, అందుకే ఆయాసం. గుండె చుట్టూ నిండితే అది రక్తాన్ని లోపలికి తీసుకోలేదు.

"ముందు ఏది తీస్తారమ్మా?" అంది అక్క.

"గుండె దగ్గరిది. ఊపిరితిత్తి కాసేపు ఆగుతుంది. గుండె ఆగకూడదు."

అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక అక్క నా చెయ్యి పట్టుకుంది, నా వేళ్ళు విరిగాయనుకున్నాను.

ఇంకో చిక్కు. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు ఆయనకు బాగా తక్కువగా ఉన్నాయి. ఊరికే సూది గుచ్చితే నెత్తురు ఆగదు. గుచ్చకపోతే గుండె ఆగిపోతుంది. అన్నిటికంటే కింది అంతస్తులోని బ్లడ్ బ్యాంకులో రెండు ప్యాకెట్లు ఉన్నాయన్నారు. ఎవరో తెస్తారని చెబుతూనే ఉన్నారు, నేను మెట్లు దిగేశాను. లిఫ్టును నమ్మే రకాన్ని కాను. చీటీ ఇచ్చి, సంతకం పెట్టి, డబ్బా పట్టుకుని వచ్చిన ఉద్యోగితో సమానంగా మూడు అంతస్తులు ఎక్కాను. ఆయన వద్దంటున్నా తలుపులన్నీ ముందుకెళ్ళి నేనే తీశాను. ప్లేట్‌లెట్లు లేత పసుపు రంగులో ఉంటాయని ఆ రోజే తెలిసింది.

అక్క ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టే ముందు డాక్టరమ్మను అడిగింది. "పదిహేడేళ్ళు ఈయన బెజ్జం వేసి నింపడం చూశానమ్మా. బెజ్జం వేసి తీస్తారా?"

"తీస్తామమ్మా."

"పూర్తిగా?"

"తీయగలిగినంత."

సంతకం పెట్టింది. పెన్ను కాగితాన్ని చింపినంత పని చేసింది.

బావ నన్ను దగ్గరికి పిలిచాడు. ఇంతసేపూ మెరిసిన కళ్ళలో ఇప్పుడు భయం తప్ప ఏమీ లేదు. "నా చెవి నన్ను... మోసం చేసిందిరా."

"చెవి మోసం చెయ్యలేదు. అది సరిగ్గానే విన్నది. నువ్వే తప్పు చదివావు. ఆ గీతలు గీసింది ఎవరు? నువ్వు గీయకపోతే నాకెలా తెలిసేది? నోర్మూసుకుని పడుండు," అన్నాను. ఆయన మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు, అంత ప్రేమా ఎప్పుడూ రాలేదు. రెండూ ఒకేసారి వస్తే మనిషికి తిట్లు తప్ప మాటలు దొరకవు.

చిన్న గదిలోకి తీసుకెళ్ళారు. అక్క బయట బల్ల మీద కూర్చుంది. నన్ను గాజు తలుపు బయట నిలబడనిచ్చారు, కదలనని మాట తీసుకుని. బావను వాలుగా కూర్చోబెట్టి, ఒక చేతికి పసుపు ప్యాకెట్టు ఎక్కిస్తూ, రొమ్ము ఎముక కింద తిమ్మిరి మందు ఇచ్చారు. బట్టతల డాక్టరు తెర మీద కళ్ళు పెట్టి పొడుగాటి సూది లోపలికి పోనిచ్చాడు. నల్లపట్టీ మధ్యలో తెల్లటి చుక్క కనబడింది. అదే సూది మొన. సిరంజి వెనక్కి లాగాడు. ఎర్రటి ఛాయ ఉన్న నీరు వచ్చింది!

ఒక సిరంజి, రెండు, మూడు. పట్టీ సన్నబడుతోంది. అంతవరకూ బిక్కచచ్చినట్టు కొట్టుకుంటున్న గుండె ఒళ్ళు విరుచుకుంది, నా కళ్ళతో చూశాను! పక్కన బీపీ అంకె ఎనభై నుంచి కదిలింది. ఎనభై ఎనిమిది. తొంభై ఆరు. నూట నాలుగు! నేను గాజు తలుపు మీద దబదబా బాదాను. నర్సు ఉరిమి చూసింది. చూస్తే చూసింది. వెనక్కి తిరిగి, "అక్కా! తోడేశారు! గుండె ఆడుతోంది!" అని అరిచాను. అక్క కూర్చున్నచోటే కళ్ళు మూసుకుని తల ఊపింది. పెదవులు బిగించుకుంది, ఏడవలేదు.

మొత్తం మూడు వందల యాభై మిల్లీలీటర్లు, దాదాపు ఒకటిన్నర గ్లాసు. అంతే! ఆ కాస్త నీటికి నూట పది కేజీల గ్రానైట్ రాయిని ఒంటరిగా తిరగేసిన మనిషి కూలిపోబోయాడు.

తర్వాత ఊపిరితిత్తి. డాక్టరమ్మ మిషన్‌తో వెతికితే గొట్టం పెట్టాల్సిన చోటు గురువారం గీతకూ శుక్రవారం గీతకూ మధ్య వచ్చింది. గొట్టం అనగానే నాకు హక్కు వచ్చినట్టనిపించి మెడ ఇంకాస్త ముందుకు చాచాను. ఆమె ఒక్కసారిగా వదల్లేదు. కాస్త తీసి, బిగించి, ఆగి, మళ్ళీ తీసింది. నలిగి ఉన్న ఊపిరితిత్తి తొందరపడి విచ్చుకుంటే దానికే దెబ్బట. మంచి పనితనం ఎవరిదైనా ఒప్పుకోవాలి. గంటలో లీటరుంపావు వచ్చింది.

ఆదివారం పొద్దున ఆ నీటి పరీక్ష ఫలితం వచ్చింది. అందులోనూ అవే కణాలు. డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. "జబ్బు పొరల్లోకి కూడా వెళ్ళింది. నీరు మళ్ళీ ఊరవచ్చు, అందుకే గుండె దగ్గరా, ఊపిరితిత్తి దగ్గరా గొట్టాలు ఉంచాం. మందే దాన్ని ఆపాలి. మూలుగ రిపోర్టు ఫోన్ చేసి తెప్పించుకున్నాం. సోమవారం దాకా ఆగం, ఇవాళే మొదలుపెడతాం."

వాయిదా పడుతుందని భయపడి చావు దాకా దాచాడు. బయటపడ్డాక ఒకరోజు ముందుకొచ్చింది. నేను బావ వైపు చూశాను, ఆయన తలవంచుకుని ఈసారి నిజంగానే నేల చూపులు చూశాడు.

"ఎన్నాళ్ళు పడుతుందమ్మా?" అంది అక్క.

"రెండేళ్ళ పైమాటే. ముందు ఈ నెల గట్టెక్కాలి."

"ఎక్కుతాడు," అంది అక్క, ఆమెకేదో రిపోర్టు ముందే అందినట్టు.

పన్నెండింటికి మందు ఎక్కించడం మొదలైంది. మధ్యాహ్నం మూడైంది. వార్డంతా కునుకు తీస్తోంది. నీళ్ళు తీసినా అక్క నమ్మలేదు. మళ్ళీ మంచమెక్కి, ఆయన వీపుకు వీపు ఆనించి, మోకాళ్ళ మీద తల పెట్టుకుని అలాగే నిద్రలోకి జారింది. నేను స్టూలు మీద కూర్చుని, గొట్టం చివర సంచిలో నీరు ఎంత చేరిందో చూస్తున్నాను. పొద్దుటి నుంచి గుక్కెడు కూడా లేదు.

బావ నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టాడు. తర్వాత వీపు మెల్లగా పక్కకు జరిపి, మోచేతి మీదికి ఒరిగాడు. ఆగాడు. గాలి పీల్చి చూసుకున్నాడు. ఇంకాస్త దిగాడు. మళ్ళీ ఆగాడు. లేచి పట్టుకోబోతే వద్దని తల ఊపాడు. గొట్టాలు నలగకుండా సర్దుకుని, దిండు మీద తల పెట్టి, వెల్లకిలా పడుకున్నాడు. పడుకుని పైకప్పు వైపు చూశాడు. రొమ్ము పైకి లేచింది, దిగింది. దగ్గు లేదు, ఎగశ్వాస లేదు. కళ్ళు మూసుకున్నాడు.

రెండు నిమిషాలకు అక్క నిద్రలో వెనక్కి వాలింది. వెనక ఏమీ లేదు.

"ఏమయ్యా!" అన్న కేక వార్డంతా మోగింది. పక్క మంచం ఆయన లేచి కూర్చున్నాడు. డాక్టరమ్మ పెన్ను పారేసి పరిగెత్తుకొచ్చింది. అక్క వెనక్కి తిరిగి చూసింది. వెల్లకిలా, కళ్ళు మూసుకుని, కదలకుండా ఉన్న మొగుణ్ణి చూసి ఆమె ముఖం తెల్లబోయింది. చెయ్యి ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

బావ గుర్రు పెట్టాడు.

ఆరు రోజులుగా ఒక్క చుక్క రాల్చని మా అక్క ఆయన తొడ మీద ఫెడీమని ఒక్కటిచ్చింది. "పడుకునేవాడివి చెప్పి పడుకోకూడదూ!" అని, అందరి ముందూ నోరు తెరిచి బావురుమంది.

బావ కళ్ళు తెరవలేదు. మంచం అంచుకు జరిగి, పక్కన జానెడు చోటు చేశాడు. "అరవకే, నువ్వూ కాసేపు నడుం వాల్చు, గురువారం నుంచీ కూర్చునే ఉన్నావు," అన్నాడు, ఒక్కసారి కూడా ఆగకుండా.